రాజ్మా, శనగలు, బొబ్బర్లు, సోయా: ఏ గింజ దేనికి పనికొస్తుంది?

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవి. రాజ్మా, నల్ల బీన్స్, తెల్ల బీన్స్, శనగలు, బొబ్బర్లు, సోయా, వీటిలో పోషకాలు దేనిలో ఎక్కువ? రాజ్మాలో 24 గ్రాముల ప్రొటీన్ ఉందని ఒకచోట, 9 గ్రాములేనని ఇంకోచోట చదివారు, ఏది నిజం? ఒక రకం బదులు మరో రకం వాడొచ్చా? ఒక్కోసారి ఎంతసేపు ఉడికించినా గింజ ఎందుకు మెత్తబడదు? గ్యాస్ సంగతేమిటి? వారానికి సరిపడా ఒకేసారి ఉడికించి పెట్టుకోవచ్చా? నేను ఆహారశాస్త్రం చదువుకుని, చాలా ఏళ్లుగా పెద్ద వంటశాలలకు మెనూలు తయారుచేసే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్నలన్నీ రోజూ ఎదురయ్యేవే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అంకెల గొడవ తేల్చుకుందాం. మీరు చదివిన రెండు అంకెలూ నిజమే. 100 గ్రాముల ఎండు రాజ్మాలో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. నానబెట్టి ఉడికించాక అవే గింజలు నీళ్లు పీల్చుకుని ఇంచుమించు రెండున్నర రెట్ల బరువు తూగుతాయి. ఉడికిన గింజ బరువులో మూడింట రెండొంతులు నీరే. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, బరువు పెరిగింది, అంతే. అందుకే ఉడికిన రాజ్మా 100 గ్రాములు తీసుకుంటే 9 గ్రాముల దగ్గర వస్తుంది. ఎండు గింజల అంకె పక్కన ఉడికిన గుడ్డు అంకె, వండిన మాంసం అంకె పెట్టి ‘గింజల్లోనే ఎక్కువ’ అని చెప్పే పోలికలు ఎన్నో కనిపిస్తాయి. అలాంటివి పట్టించుకోకండి. మనం తినేది ఉడికిన గింజ కాబట్టి ఉడికినదాన్ని ఉడికినదానితోనే పోల్చాలి.

అలా పోలిస్తే ఏం తెలుస్తుందో చూడండి. ఉప్పు, నూనె లేకుండా ఉడికించిన గింజలు 100 గ్రాములు, అంటే అర కప్పుకు కొంచెం ఎక్కువ అనుకోండి. ప్రొటీన్ మచ్చలుండే పింటో బీన్స్‌లోనూ మసూర్‌లోనూ 9 గ్రాములు, శనగల్లోనూ నల్ల బీన్స్‌లోనూ 8.9, రాజ్మాలో 8.7, చిన్న తెల్ల గింజలైన నేవీ బీన్స్‌లో 8.2, బొబ్బర్లలో 7.7, పెసలలో 7. మొదటిదానికీ చివరిదానికీ తేడా రెండు గ్రాములు. గిన్నెలో ఇంకో రెండు చెంచాలు వేసుకుంటే ఆ తేడా మాయమైపోతుంది. ప్రొటీన్ కోసం శనగలు తినాలా రాజ్మా తినాలా అని తల బద్దలు కొట్టుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ వరుసనే. పంట రకాన్ని బట్టి, నేలను బట్టి, ఎంత నీటిలో ఎంతసేపు ఉడికించామన్నదాన్ని బట్టి కూడా ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. దశాంశ స్థానాల దగ్గర పట్టుదల అవసరం లేదు.

సోయా మాత్రం ఈ వరుసలో ఇమడదు. ఉడికిన సోయా గింజల్లో 18 గ్రాముల ప్రొటీన్, 9 గ్రాముల కొవ్వు ఉంటాయి. మిగతా గింజలన్నీ ప్రధానంగా పిండిపదార్థాన్ని దాచుకుంటే, సోయా నూనెను దాచుకుంటుంది. పిండి దాదాపు ఉండదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా సోయాను పప్పుధాన్యాల లెక్కలో కాక నూనెగింజల లెక్కలో వేస్తుంది. ప్రొటీన్ నాణ్యతలో కూడా సోయా మిగతా గింజల కంటే ముందుంటుంది. ప్రొటీన్ ఒక్కటే మీ గురి అయితే జవాబు సోయా, అందులో సందేహం లేదు. కానీ వంటలో దాని స్వభావం పూర్తిగా వేరు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

గింజకూ గింజకూ నిజంగా తేడా కనిపించేది పీచు పదార్థంలోనూ, ఫోలేట్ అనే బి విటమిన్‌లోనూ, కొంతవరకు ఐరన్‌లోనూ. 100 గ్రాముల ఉడికిన నేవీ బీన్స్‌లో 10.5 గ్రాముల పీచు ఉంటే, పింటోలో 9, నల్ల బీన్స్‌లో 8.7, శనగల్లో, పెసలలో 7.6, బొబ్బర్లలో 6.5, సోయాలో 6. పీచు కోసం చూసేవాళ్లకు చిన్న తెల్ల బీన్స్, నల్ల బీన్స్ మంచివి. ఫోలేట్ దగ్గర వరుస తిరగబడుతుంది. బొబ్బర్లలో 200 మైక్రోగ్రాములు దాటుతుంది, మసూర్‌లో 180, శనగల్లోనూ పింటోలోనూ 170, నల్ల బీన్స్‌లో 150, రాజ్మాలో 130 దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాములు కావాలని సాధారణంగా చెప్తారు కాబట్టి ఒక గిన్నె బొబ్బర్లు అందులో సగం తీరుస్తాయి. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లకు, గర్భిణులకు ఇంకా ఎక్కువ కావాలి. వాళ్లు డాక్టర్ ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటూనే వీటిని తినాలి, మాత్రల బదులుగా కాదు.

ఐరన్ సోయాలో 5 మిల్లీగ్రాములు, పెద్ద తెల్ల బీన్స్‌లో 3.7, మసూర్‌లో 3.3, శనగల్లో 2.9, నల్ల బీన్స్‌లో 2.1, పెసలలో 1.4. అయితే ఇక్కడ గింజలో ఎంత ఉందన్నదానికంటే ఒంటికి ఎంత పట్టిందన్నది ముఖ్యం. గింజల్లో ఫైటేట్ అనే పదార్థం ఐరన్‌నూ జింక్‌నూ గట్టిగా పట్టుకుని పేగులో వదలకుండా చేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే, అంటే నిమ్మరసమో టమాటానో క్యాప్సికమో జామపండో ఉంటే, ఐరన్ బాగా పడుతుంది. టీ, కాఫీలు భోజనంతో పాటు తాగితే అందులోని టానిన్లు దాన్ని అడ్డుకుంటాయి, కనీసం గంట ఎడం ఉంచండి. రక్తహీనత ఉన్నవాళ్లు ఏ గింజ తినాలన్న ఆలోచన కంటే ఈ రెండు అలవాట్ల మీద శ్రద్ధ పెడితే ఎక్కువ లాభం.

ప్రొటీన్ నాణ్యత గురించి కూడా ఒక మాట. ఈ గింజల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బియ్యం, గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాల్లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. రెండూ తింటే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. రెండింటినీ ఒకే పూట తినితీరాలన్న నియమం లేదు, రోజు మొత్తం మీద రెండూ అందితే చాలు. బి12 మాత్రం ఏ గింజలోనూ ఉండదు. పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లు దాన్ని వేరే దారిలో తీసుకోవాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ గింజలన్నీ మంచివే, గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత, అన్నింటికీ తక్కువే. దానికి కారణం తెలుసుకుంటే వంటలో ఉపయోగపడుతుంది. గింజలోని పిండి రేణువులు గట్టి కణగోడల లోపల ఉంటాయి. గింజ ఆకారం చెడకుండా ఉడికితే ఆ గోడలు చాలావరకు అలాగే మిగిలి, జీర్ణరసాలు లోపలి పిండిని నెమ్మదిగా అందుకుంటాయి. అదే గింజను పొడిగా మర పట్టించి వాడితే గోడలు పగిలిపోయి పిండి త్వరగా అరుగుతుంది. కాబట్టి శనగపిండి, ఉడికిన శనగలు రక్తంలో చక్కెర విషయంలో ఒకటి కావు. ఉడికించి చల్లార్చిన గింజల్లో అరగని పిండి కొంత పెరుగుతుంది కూడా.

మీరు అడగలేదు కానీ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కూరగాయగా వండే పచ్చి బీన్స్ కాయ, ఎండు రాజ్మా ఒకే జాతి మొక్కవి. కానీ పోషకాల్లో పోలికే లేదు. పచ్చి కాయ 100 గ్రాముల్లో 31 కేలరీలు, 2 గ్రాముల లోపు ప్రొటీన్ ఉంటాయి. దాన్ని కూరగాయగానే లెక్కేసుకోవాలి, ప్రొటీన్ కోసం కాదు.

ఇక ఒకదాని బదులు ఒకటి. దీనికి గింజల చుట్టరికం తెలిస్తే సగం పని అయిపోతుంది. రాజ్మా, నల్ల బీన్స్, పింటో, నేవీ, చారల గింజలు, పెద్ద తెల్ల కనెల్లినీ, ఇవన్నీ చూడ్డానికి ఎంత వేరుగా ఉన్నా ఒకే జాతి, ఫేసియోలస్ వల్గారిస్. అమెరికా ఖండాల్లో రెండు చోట్ల, మెక్సికో వైపు ఒకసారీ ఆండీస్ పర్వతాల వైపు ఒకసారీ, మనుషులు దీన్ని విడివిడిగా సాగులోకి తెచ్చారు. నల్ల బీన్స్, నేవీ, పింటో వంటి చిన్న, మధ్యరకం గింజలు మొదటి వైపువి, ఎర్ర రాజ్మా లాంటి పెద్ద గింజలు రెండో వైపువి. శనగలది పశ్చిమాసియా, బొబ్బర్లది ఆఫ్రికా, సోయాది తూర్పు ఆసియా. ఈ మూడూ ఆ జాతికి బంధువులే కానీ వేరే జాతులవి. ఒకే జాతి లోపల మార్చుకుంటే నానే సమయం, ఉడికే సమయం దాదాపు సరిపోతాయి, రంగూ రుచీ కొంచెం మారతాయి. జాతి దాటి మార్చుకుంటే వంట తీరే మారుతుంది.

రాజ్మాకు పొట్టు మందం, లోపల మెత్తని పిండి. ఎంత ఉడికినా ఆకారం నిలుపుకుంటుంది, మసాలా రసంలో ఎక్కువసేపు మగ్గాల్సిన వంటలకు ఇది సరైనది. నల్ల బీన్స్ చిన్నవైనా గట్టివి. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఉడికిన నీరు. చిక్కగా, ముదురు రంగులో, పుట్టగొడుగుల రుచికి దగ్గరగా ఉంటుంది. దాన్ని పారబోస్తే ఆ గింజ వండిన ప్రయోజనం సగం పోయినట్టే. పొట్టులోని నల్లని రంగు ఆంథోసయనిన్ల వల్ల వచ్చింది, నేరేడుపండుకు రంగు ఇచ్చేదీ ఆ కుటుంబపు పదార్థమే. తెల్ల బీన్స్‌కు పొట్టు పలచన, రుచి సున్నితం. సగం గింజలు మెదిపి అదే గిన్నెలో కలిపితే క్రీమ్ వేసినట్టు సూప్ చిక్కబడుతుంది. పాలు పడనివాళ్లకు ఇది మంచి ఉపాయం. పింటో కూడా మెదపడానికి బాగుంటుంది, ఉడికాక దాని మీది మచ్చలు పోయి ఒకే గోధుమ రంగుకు వస్తుంది.

శనగల సంగతి వేరు. అవి చితకవు. నాలుగు విజిళ్లు ఎక్కువైనా గింజ గింజగానే ఉంటాయి. వేయించడానికి, సలాడ్‌లో వేసుకోవడానికి, పొడిగా తాలింపు పెట్టడానికి వీటిని మించినవి లేవు. కాబూలీ శనగలు పెద్దవి, పొట్టు పలచన. నల్ల శనగలు చిన్నవి, పొట్టు మందం కాబట్టి పీచు ఎక్కువ. శనగలు ఉడికిన నీటిని చల్లార్చి గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగ కడుతుంది, గుడ్డు లేకుండా కేకులు చేసేవాళ్లు దాన్నే వాడతారు. నానిన శనగలను ఉడికించకుండానే రుబ్బి వేయించే వంటలు ఉన్నాయి, శనగలకు అది చెల్లుతుంది. రాజ్మాతో మాత్రం ఎప్పుడూ అలా చేయకండి, కారణం కింద చెప్తాను.

బొబ్బర్లకు పొట్టు పలచన. తొందరలో ఉన్నప్పుడు నానబెట్టకుండా కూడా వండేయొచ్చు, మామూలు గిన్నెలో ముప్పావు గంట, గంటలో ఉడికిపోతాయి. ఎక్కువ కలిపితే మాత్రం చెదిరిపోతాయి. పెసలు, మసూర్ ఇంకా తొందరగా ఉడుకుతాయి. బటర్ బీన్స్ అని కూడా పిలిచే లైమా గింజలు పెద్దవి, లోపల వెన్నలా ఉంటాయి. వాటిలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం సహజంగా ఉంటుంది. అమ్మకానికి పండించే రకాల్లో అది తక్కువే, అయినా పచ్చిగా తినకూడదు, నానిన నీళ్లు పారబోసి బాగా ఉడికించాలి.

సోయా గురించి చెప్తానన్నాను కదా. దానిలో పిండి లేదు కాబట్టి ఎంత ఉడికించినా వెన్నలా కాదు, కొరికితే పలుకుగానే ఉంటుంది. మామూలు గిన్నెలో రెండు మూడు గంటలు పడుతుంది. పచ్చి వాసన రావడానికి కారణం లైపాక్సిజినేజ్ అనే ఎంజైమ్. నానిన గింజను చల్లటి నీళ్లతో రుబ్బితే అది వెంటనే పని మొదలుపెడుతుంది. మరుగుతున్న నీళ్లలో గింజలను నేరుగా వేస్తే ఎంజైమ్ చచ్చిపోయి వాసన చాలా తగ్గుతుంది. ప్రొటీన్ అరగకుండా అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు కూడా సోయాలో ఎక్కువ, అందుకే సగం ఉడికిన సోయా తినకూడదు. రాజ్మా కూరలో రాజ్మా తీసి సోయా వేస్తే వంట నచ్చదు. సోయాను టోఫూగానో పాలుగానో వాడటమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు రాజ్మాతో జాగ్రత్త. దయచేసి ఇది శ్రద్ధగా చదవండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపూరితమైన లెక్టిన్ (ఒక రకం ప్రొటీన్) చాలా ఎక్కువ. ఎర్ర రాజ్మాలో అన్నిటికంటే ఎక్కువ, తెల్ల రాజ్మాలో దానిలో మూడో వంతు ఉంటుంది. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. మరిగే నీళ్లలో 10 నిమిషాలకే ఈ విషం నశిస్తుంది, కానీ గింజ మధ్య వరకు వేడి చేరాలి కాబట్టి 30 నిమిషాలు మరిగించమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెప్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మరిగించాలి. అసలు ప్రమాదం చాలని వేడి దగ్గర ఉంది. 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే విషం తగ్గకపోగా పచ్చి గింజలో కంటే చాలా రెట్లు పెరగవచ్చు. స్లో కుక్కర్లలో కొన్ని ఆ వేడిని కూడా దాటవు. స్లో కుక్కర్ వాడేవాళ్లు రాజ్మాను ముందు పొయ్యి మీద బాగా మరిగించి, ఆ తర్వాతే అందులో వేయాలి. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మెత్తగా ఉడికితే ఈ భయం ఉండదు. నానిన రాజ్మాను రుబ్బి వేయించొద్దన్నది కూడా ఇందుకే, పైన రంగు వచ్చినంత మాత్రాన లోపల వేడి చాలిందని నమ్మలేం.

మొలకల విషయంలోనూ అంతే. పెసలు, శనగలు మొలకెత్తిస్తే విటమిన్ సి పుడుతుంది, ఫైటేట్ తగ్గుతుంది. రాజ్మా మొలకలు మాత్రం పచ్చిగా ఎప్పుడూ తినకూడదు. ఏ మొలకలైనా వెచ్చగా, తడిగా పెరుగుతాయి కాబట్టి బ్యాక్టీరియాకు అనువైన చోటు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ-కొలై వల్ల 50 మందికి పైగా చనిపోయారు. పిల్లలు, వృద్ధులు, గర్భిణులు మొలకలను ఆవిరి మీద ఉడికించుకునే తినాలి.

మెత్తబడని గింజల గురించి. ఇది రెండు రకాల సమస్య, ముందు మీది ఏదో గుర్తుపట్టాలి. రాత్రంతా నానబెట్టాక గిన్నెలో చేయి పెట్టి చూడండి. అన్నీ ఉబ్బి, కొన్ని మాత్రం చిన్నగా రాయిలా ఉంటే, వాటి పొట్టు నీటిని లోపలికి రానివ్వడం లేదని అర్థం. అవి ఎంత ఉడికించినా ఉడకవు, ఏరి పారేయడమే. అలా కాక అన్నీ చక్కగా నాని కూడా ఉడకకపోతే అది వేరే జబ్బు, గింజ నిల్వలో పాడైంది. గింజ కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్, ఇటుకల మధ్య సిమెంటు లాంటిది. ఉడికేటప్పుడు అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. వేడిగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉంటే గింజలోని కాల్షియం, మెగ్నీషియం విడుదలై పెక్టిన్‌ను బిగించేస్తాయి. పాత గింజ, కొత్త గింజ కలిపి వండినప్పుడు కొన్ని చితికి కొన్ని పలుకుగా మిగిలేది కూడా ఇందుకే. కొత్త సంచి తెచ్చినప్పుడు పాతదాని మీద పోయకండి.

నీళ్లు కూడా అదే పని చేస్తాయి. బోరు నీళ్లలాంటి గట్టి నీళ్లలో కాల్షియం ఎక్కువ. అలాంటి చోట ఒక్కసారి ఫిల్టర్ చేసిన నీళ్లతో వండి చూడండి, ఏ ఇతర మార్పూ లేకుండానే తేడా తెలుస్తుంది.

ఉప్పు ముందు వేస్తే గింజ ఉడకదన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. నిజానికి జరిగేది దానికి విరుద్ధం. లీటరు నీటికి 15 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక పెద్ద చెంచా, వేసి అందులో నానబెడితే ఉప్పులోని సోడియం పొట్టులోని కాల్షియం స్థానంలోకి చేరి పొట్టును మెత్తబరుస్తుంది. గింజ పగలకుండా సమంగా ఉడుకుతుంది, రుచి లోపలిదాకా పడుతుంది. మర్నాడు ఆ నీళ్లు వంచేసి కడిగి వండుకోండి. రాజ్మాకు, శనగలకు నేను ఇలాగే చేయిస్తాను, ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

ముందు వేయకూడనిది పులుపు. టమాటా, చింతపండు, వెనిగర్, నిమ్మరసం ఏదైనా సరే, పెక్టిన్‌ను కరగనివ్వదు. చక్కెర కూడా కొంత అలాగే చేస్తుంది. గింజ వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడ్డాకే పులుపు వేయాలి. ఈ గుణాన్ని మనకు అనుకూలంగానూ వాడుకోవచ్చు. గింజ సరిగ్గా ఉడికింది, ఇంకా మసాలాతో మగ్గాలి, కానీ చితకకూడదు అనుకున్నప్పుడు టమాటా అప్పుడు వేస్తే గింజ అక్కడే ఆగుతుంది.

వంట సోడా పెక్టిన్‌ను త్వరగా కరిగిస్తుంది, ఆ మాట నిజమే. కానీ థయమిన్ అనే బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. నీళ్లు మరీ గట్టిగా ఉన్నప్పుడు, గింజ పాతదైనప్పుడు చిటికెడు వేయండి, రోజూ అలవాటు చేసుకోవద్దు. శనగలను మెత్తగా రుబ్బాల్సిన వంటకు మాత్రం సోడా వేసి ఉడికించడం నిజంగా పనికొస్తుంది, పొట్టు కూడా కలిసిపోతుంది.

నానబెట్టడానికి రాత్రి తీరిక లేకపోతే రాజ్మా తప్ప మిగతా గింజలను రెండు మూడు నిమిషాలు మరిగించి, మూతపెట్టి గంటసేపు వదిలేయండి, సరిపోతుంది. ఎండాకాలంలో 12 గంటలు బయట ఉంచితే నీళ్లు పులుస్తాయి, ఫ్రిజ్‌లో నానబెట్టండి. కుక్కర్‌ను సగానికి మించి నింపకండి, నురగ పొంగి వాల్వ్‌కు అడ్డం పడుతుంది. చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుంది. మంట తగ్గించి ఉడికించి, ఆవిరి దానంతట అది పోనివ్వండి. వెంటనే విజిల్ ఎత్తేస్తే గింజలు పగిలిపోతాయి.

గ్యాస్ గురించి చాలామంది సిగ్గుపడుతూ అడుగుతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇది మనిషి శరీరానికి ఉన్న సహజమైన పరిమితి. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో తయారుకాదు. అవి పెద్దపేగు దాకా అలాగే వెళ్తాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ విడుదల చేస్తుంది. అదే బ్యాక్టీరియా పేగు గోడకు మేలు చేసే కొవ్వు ఆమ్లాలనూ తయారుచేస్తుంది. నానిన నీళ్లు పారబోస్తే ఈ చక్కెరలు కొంత పోతాయి. అయితే నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసేది అలవాటు. నెలకోసారి పెద్ద గిన్నెడు తినే బదులు రోజూ రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి కొన్ని వారాల మీద పెంచితే చాలామందికి ఇబ్బంది బాగా తగ్గిపోతుంది. మొదలుపెట్టడానికి పొట్టు తీసిన పెసరపప్పు, మసూర్ పప్పు తేలిక. రాజ్మా, సోయా, తెల్ల బీన్స్ తర్వాత చూసుకోవచ్చు. ఐబీఎస్ (కడుపునొప్పి, ఉబ్బరంతో పేగులు తరచూ ఇబ్బంది పెట్టే సమస్య) ఉన్నవాళ్లకు ఈ సలహా సరిపోకపోవచ్చు, వాళ్లు డైటీషియన్‌తో మాట్లాడి పరిమాణం నిర్ణయించుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు కూడా అడిగి తినాలి, ఉడికిన రాజ్మా 100 గ్రాముల్లో 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. జీ-6-పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఫావా బీన్స్ (బ్రాడ్ బీన్స్) అసలు ముట్టుకోకూడదు, పచ్చివైనా ఎండువైనా సరే. ఎర్ర రక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కుటుంబంలో ఎవరికైనా ఈ లోపం ఉందని తెలిస్తే పిల్లలకు పరీక్ష చేయించండి.

డబ్బాల్లో వచ్చే గింజలు డబ్బాలోనే అధిక వేడి మీద పూర్తిగా ఉడికి ఉంటాయి కాబట్టి లెక్టిన్ భయం లేదు, పోషకాలూ ఇంచుమించు అంతే. ఉప్పు ఒక్కటే ఎక్కువ. నీళ్లు వంచి, కుళాయి కింద కడిగితే సోడియం సుమారు 40 శాతం తగ్గుతుంది. తీరిక లేని రోజు గింజలు మానేయడం కంటే డబ్బా తెరవడం ఎంతో మంచిది.

ఒకేసారి ఉడికించి పెట్టుకోవడం నేను గట్టిగా సమర్థిస్తాను. అర కిలో ఎండు గింజలు ఉడికిస్తే కిలో పైన వస్తాయి. ఉడికిన నీళ్లలోనే చల్లారనివ్వండి, బయటికి తీసి ఆరబెడితే పొట్టు ముడతపడి చిట్లుతుంది. చల్లారడం కోసం పూటంతా బయట వదిలేయకుండా వెడల్పు గిన్నెలోకి మార్చి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. వారం మొత్తానికి కావాలంటే సగం ఫ్రీజర్‌లో వేయాలి. ఒక పూటకు సరిపడా చొప్పున చిన్న డబ్బాల్లో, గింజలు మునిగేంత ఆ ఉడికిన నీళ్లే పోసి, పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి, గడ్డకట్టినప్పుడు నీరు ఉబ్బుతుంది. శనగలు, రాజ్మా, నల్ల బీన్స్ ఫ్రీజర్‌ను బాగా తట్టుకుంటాయి. బొబ్బర్లు కొంచెం చెదురుతాయి కాబట్టి వాటిని ఒక పలుకు ముందే దింపి ఫ్రీజ్ చేయండి, మళ్లీ వేడి చేసేటప్పుడు ఆ మిగిలిన పలుకు పోతుంది.